శ్రీకాకుళంలో కుక్కనీ పిల్లినీ ఆరోగ్యంగా, బెదురు లేకుండా చూసుకోవడం ఎలా?

మీ ప్రశ్న పూర్తిగా చదివానండీ. శ్రీకాకుళంలో అద్దె ఇల్లు, మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు, ఇంట్లో మీ అత్తయ్యగారు ఉంటారు. ఏడాది వయసు నాటు కుక్క, ఈమధ్యే వచ్చి చేరిన పిల్లి. కుక్క పగలంతా రేకుల వరండాలో గొలుసుకి ఉంటోంది, చిన్న శబ్దానికే వణుకుతోంది, ఒంటి మీద పిడుదులు ఎంత తీసినా తగ్గడం లేదు. రోజూ ఏం చేస్తే ఆరోగ్యంగా, స్థిమితంగా ఉంటాయని అడిగారు. మాది విజయనగరం. మా ఇంట్లో కుక్కో పిల్లో లేని రోజు నాకు తెలిసి లేదు. అయితే నేను డాక్టర్ని కాను కాబట్టి మందుల మోతాదులు మాత్రం నన్ను అడగకండి.

మీకు తీరిక తక్కువ కాబట్టి అన్నిటికంటే ముందు ఒక్క అలవాటు పెట్టుకోండి. రోజూ ఒకే వేళకి కింద కూర్చుని కుక్కని తల నుంచి తోక దాకా చేత్తో తడమండి. ఐదు నిమిషాలు చాలు. ఆరోగ్యం చూడ్డం ఒక పని, భయం పోగొట్టడం ఇంకో పని అనుకుంటాం గానీ, ఈ తడమడంలో రెండూ అయిపోతాయి. రోజూ చెవి తిప్పనిచ్చి, పాదం పట్టుకోనిచ్చే కుక్క డాక్టరుగారి బల్ల మీద కూడా పెద్దగా గోల చెయ్యదు. మూతికి గుడ్డ కట్టి నలుగురు పట్టుకుంటే తప్ప ఇంజక్షన్ వేయించుకోని కుక్కలు ఆసుపత్రిలో చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ వాటిని ఇంట్లో ఎవరూ ముట్టుకోరు, అన్నం గిన్నె జరిపి వచ్చేస్తారు, అంతే.

మేము రాత్రి అన్నం పెట్టే ముందు చేస్తాం. ముందు వీపు నిమిరి, అది ఒళ్లు వదులు చేశాక మొదలుపెట్టాలి. చెవి మడత లోపల, మెడ పట్టీ కింద, ముందుకాళ్ల చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వేళ్లు పెట్టి చూడండి. పిడుదులు దాక్కునేది అక్కడే. రక్తం తాగి ఉబ్బిన పిడుదు ఆముదం గింజలా ఉంటుంది, అది సులువుగానే దొరుకుతుంది. నువ్వుగింజ కన్నా చిన్నవి ఉంటాయే, వాటికే చెయ్యి కావాలి, కంటికి ఆనవు. ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా, నిటారుగా లాగండి. మెలితిప్పొద్దు. గోటితో నలపొద్దు, పక్కనే చిన్న డబ్బాలో సబ్బునీళ్లు పెట్టుకుని అందులో వెయ్యండి. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్ల అంటించడం లాంటివి ఎవరు చెప్పినా వినకండి.

తర్వాత పై పెదవి ఎత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. మన నాటు కుక్కల్లో కొన్నిటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కింది కనురెప్ప కొంచెం లాగి లోపలి రంగు చూడండి.

దీని విలువ మాకు ఒక శ్రావణమాసంలో తెలిసింది. మా కుక్క పండుగాడు ఒక పూట అన్నం ముట్టలేదు. వర్షాకాలం కదా, మందంగా ఉందేమో అనుకునేవాళ్లమే, కానీ చిగుళ్లు పాలిపోయి కనిపించాయి. వెంటనే తీసుకెళ్లాం. జ్వరం ఉంది, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఎర్లికియా అన్నారు. నెల దగ్గర మాత్రలు వేశాం, తేరుకుంది. ముక్కులోంచి రక్తం కారేదాకా ఆగితే పరిస్థితి వేరేగా ఉండేదని డాక్టరుగారు అన్నారు. మాత్ర మధ్యలో మానేయకపోవడం ముఖ్యం. వారానికే తోక ఊపుతూ తిరుగుతుంది, తగ్గిపోయిందని మనం ఆపేస్తాం, లోపల క్రిమి అలాగే ఉంటుంది.

ఎంత తీసినా తగ్గడం లేదన్నారు. ఎందుకంటే, ఒంటి మీద మీకు కనిపించేవి కొన్నే, మిగతావి మీ ఇంట్లో ఉన్నాయి. మన కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు కడుపునిండా తాగాక రాలిపోయి, గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే గోడల మీద పైకి పాకుతూ కనిపిస్తాయి. వరండా పగుళ్లు సిమెంటుతో పూయించండి, అద్దె ఇల్లయినా సరే, ఆ ఖర్చు మందుల కన్నా తక్కువే. కుక్క కింద గోనెసంచి వేసి ఉంటే ఇవాళే తీసెయ్యండి. మన జిల్లాల్లో గోనెసంచికి కొదవ లేదు, ప్రతి కుక్కకీ అదే పరుపు, పిడుదులకి మాత్రం ఆ కుట్లే ఇల్లు. పాత నూలు చీర మడతపెట్టి వేసి, వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. కుక్కకి పిడుదుల మాత్ర గానీ, మెడ మీద వేసే చుక్కలు గానీ బరువు చూసి డాక్టరే ఇస్తారు. పశువుల మీద కొట్టే మందుని అంచనాగా బకెట్‌లో కలిపి కుక్కకి పోసేవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు, ఆ పని మాత్రం చెయ్యకండి. మీ ఇంట్లో పిల్లి ఉంది కాబట్టి మరీ జాగ్రత్త. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి విషం. కుక్కకి రాసిన మందు ఆరకుండా పిల్లి దాన్ని రాసుకున్నా ప్రమాదమే.

ఇక గొలుసు సంగతి. ఇది చెప్తే కొందరికి నచ్చదు గానీ చెప్తాను. భయస్థురాలైన కుక్కని కట్టేసి ఉంచితే భయం పెరుగుతుందే గానీ తగ్గదు. శబ్దం వచ్చినప్పుడు అది దూరంగా పోవాలనుకుంటుంది, గొలుసు పోనివ్వదు. మిగిలింది వణకడం, లేదా కరవడం. పైగా రేకుల కింద మధ్యాహ్నం అది ఉడికిపోతుంది. పగలు లోపల ఒక మూల దానికి ఇచ్చెయ్యండి. మంచం కిందైనా సరే, అక్కడ ఉన్నప్పుడు ఎవరూ దాన్ని లాగకూడదు, పిల్లలతో సహా. ఉదయం ఆరులోపు, మళ్లీ చీకటి పడ్డాక నడిపించండి. నాగావళి గట్టు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. పది అడుగులకోసారి ఆగి వాసన చూస్తుంటే గుంజకండి. దానికి నడక కన్నా ఆ వాసన చూడ్డమే పెద్ద పని, ఇంటికొచ్చాక హాయిగా పడుకుంటుంది. మీరు ఆఫీసుకి వెళ్లేటప్పుడు పాత తువ్వాల్లో ఉడికిన గుడ్డు ముక్కలు చుట్టి ఇవ్వండి. అత్తయ్యగారు పక్కనుండి చూస్తే చాలు, వెతుక్కుంటూ మీ గురించి మర్చిపోతుంది.

అత్తయ్యగారు కూరన్నం కలిపి పెడుతున్నారని రాశారు. ప్రేమతోనే పెడతారు, కాదనను. కానీ మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది ఏది చెప్పండి? రెండూ కుక్కకీ పిల్లికీ రక్తం విరిచేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. పోపు వెయ్యకముందే దాని వాటా పక్కకి తీసేస్తే ఆవిడకీ అదనపు పని ఉండదు. అన్నం, ఉడికిన గుడ్డు, ఉప్పూ మసాలా లేని చికెన్, కాస్త గుమ్మడికాయ పెట్టొచ్చు. చోడి అంబలి పొయ్యొచ్చా అన్నారు, ఉప్పు వెయ్యకుండా కొంచెం పోస్తే తప్పులేదు, కానీ అదే భోజనం కాకూడదు. ఉడికిన దుమ్ములు వద్దు, చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. వేసవిలో మామిడి టెంకలు దానికి అందకుండా పారెయ్యండి, మింగితే ఆపరేషనే. పాయసంలో ఎండుద్రాక్ష, పిల్లల చాక్లెట్లు కూడా దూరం పెట్టండి.

ఎండల్లో మన తీరం వాళ్లకి ఉక్కపోత ఎక్కువ. కుక్క రొప్పితేనే దాని ఒళ్లు చల్లబడాలి, గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పడం కూడా సరిగా పని చెయ్యదు. (ఈ ఊళ్లలో మంచు ప్రాంతాల కుక్క హస్కీని కొనేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.) విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బే. ముందు మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి ఫ్యాను కింద పెట్టండి, ఐసు కోసం వెతుకుతూ కూర్చోకండి. తడి దుప్పటి కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. కాస్త కుదుటపడ్డాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

శబ్దాల విషయానికొస్తే, మీకు అసలు పరీక్ష దసరా తర్వాత మొదలవుతుంది. మా విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. మూడులాంతర్ల నుంచి కోట దాకా జనం, డప్పులు, మైకులు. ఆ తర్వాత దీపావళి. అక్కడితో అయిపోదు, మన ఉత్తరాంధ్రలో నాలుగో రోజున నాగులచవితికీ బాణసంచా కాలుస్తాం కదా. దీపావళి రాత్రి గడిచిందని ఊపిరి పీల్చుకుని మర్నాటి నుంచి కుక్కని యథాప్రకారం బయట వదిలేస్తారు. బెదిరి పారిపోయిన కుక్క గురించి మా వీధిలో నాకు ఫోన్లు ఎక్కువ వచ్చేది చవితి రోజునే, అదీ పొద్దున్న పూట.

కాబట్టి వినాయకచవితి అయిన దగ్గర్నుంచే మొదలుపెట్టండి. ఫోన్లో టపాసుల శబ్దం బాగా తక్కువగా పెట్టి, అది వింటూ ఉండగా ఇష్టమైనది తినిపించండి. చెవులు వెనక్కి పెట్టిందంటే మీరు శబ్దం ఎక్కువ పెట్టారని అర్థం. రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం పెంచండి. పండగ రోజున నాలుగింటికే నడిపించి, తిండి పెట్టేసి, లోపలి గదిలో కిటికీలు మూసి ఫ్యాను, టీవీ వేసి ఉంచండి. మెడ పట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల తప్పనిసరి. భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే అలవాటు చెడుతుందని కొందరు అంటారు, అది నిజం కాదు, మీ పక్కన నక్కి కూర్చుంటే కూర్చోనివ్వండి. మరీ తట్టుకోలేని కుక్కకి డాక్టరుగారు మందు రాస్తారు, అది పండగకి వారం పది రోజుల ముందే అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ల నిద్రమాత్ర ముక్క మాత్రం వెయ్యకండి.

తుపానులదీ అదే కాలం. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. హెచ్చరిక వచ్చిందంటే ఏ జంతువునీ కట్టేసి ఉంచకండి. నాలుగు రోజుల తిండి, వాడే మందులు ఒక డబ్బాలో సర్దిపెట్టుకోండి.

పిల్లికి ఇంత హడావిడి ఉండదు. కొత్తది కాబట్టి మొదట్లో వేరే గదిలో ఉంచి, కుక్క పడుకున్న గుడ్డ దానికీ, దాని గుడ్డ కుక్కకీ మార్చి వేస్తూ వాసన అలవాటు చెయ్యండి. తర్వాత కూడా బీరువా మీదో అటక మీదో కుక్కకి అందని ఎత్తు దానికి ఉండాలి. పాలు దాదాపు ఏ పెద్ద పిల్లికీ పడవు, నీళ్లు పెట్టండి. గండుపిల్లి అయితే ఒకటి గుర్తుంచుకోండి. మాటిమాటికీ ఇసుక దగ్గరికి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా పొయ్యకపోతే అది మలబద్ధకం కాదు, మూత్రం బంధించింది. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. జ్వరమొచ్చిందని పారాసెటమాల్ వేస్తే పిల్లి చచ్చిపోతుంది, అర మాత్ర అయినా సరే.

టీకాల విషయం మీరు రాయలేదు. రేబిస్ టీకా మూడు నెలల వయసు నుంచి, ఆ తర్వాత ఏటా, పిల్లికి కూడా. జూలై 6, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బులు) దినోత్సవం నాడు మన ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, పొద్దున్నే వెళ్తే రద్దీ తక్కువ. నట్టల మందు మూడు నెలలకోసారి. వీధికుక్క గానీ మీదే గానీ కరిచినా, గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి అదే రోజు మీరు ఆసుపత్రికి వెళ్లండి. వానాకాలంలో కుక్క మూతి ఉన్నట్టుండి వాస్తే పాము కాటు అనుకోండి. కట్టు కట్టకుండా, నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లాలి.

మీ ఊళ్లో దొరకని వైద్యం కావాల్సివస్తే చీపురుపల్లి పక్కన గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ఓపీ వేళలు కనుక్కుని వెళ్లండి. పల్లెలో ఉన్నప్పుడు 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెప్తారు. టీకాల కార్డు, చివరిసారి వేసిన పిడుదుల మందు పేరు, తేదీ ఫొటో తీసి ఇంట్లో ముగ్గురి ఫోన్లలోనూ పెట్టుకోండి. డాక్టర్లు మొదట అడిగేది అదే, ఆ టైమ్‌లో ఇంట్లో ఉండేది అత్తయ్యగారే కావచ్చు.