కిడ్నీల కోసం స్కాన్ తీస్తే పేగు మందంగా ఉందన్నారు, పిల్లికి క్యాన్సరేనా?

13 ఏళ్ల పిల్లికి కిడ్నీలు చూద్దామని పొట్ట స్కానింగ్ తీయిస్తే, చిన్నపేగు కండర పొర మందంగా ఉందనీ, పక్కన లింఫ్ గ్రంథులు కాస్త పెరిగాయనీ, కిడ్నీల పక్కనుండే అడ్రినల్ గ్రంథుల్లో కాల్షియం పేరుకుందనీ రిపోర్టు వచ్చిందన్నారు. క్యాన్సరేనా అని మీ భయం. స్కానింగ్ ఒక్కటే చూసి ఆ మాట ఎవరూ తేల్చలేరు.

అడ్రినల్ సంగతి ముందు పక్కన పెట్టండి. వయసు మళ్లిన పిల్లుల్లో అక్కడ కాల్షియం కనిపించడం మామూలే. గ్రంథి సైజు, బీపీ, పొటాషియం సరిగ్గా ఉంటే దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

తేల్చుకోవాల్సింది పేగు సంగతి. తెర మీద పేగు గోడ నలుపు తెలుపు చారల్లా కనిపిస్తుంది: లోపల మందంగా, నల్లగా మ్యూకోసా (లోపలి పొర), దాని పైన తెల్లటి గీతలా సబ్‌మ్యూకోసా (దాన్ని ఆనుకున్న పొర), ఆ తర్వాత సన్నటి నల్ల చార. ఆ చారే కండర పొర. అది మ్యూకోసా అంత మందమైందంటే అనుమానం రెండింటి మీద: దీర్ఘకాలపు పేగువాపు, లేదా నెమ్మదిగా పెరిగే స్మాల్ సెల్ లింఫోమా (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్). స్కాన్‌లో రెండూ ఒకేలా ఉంటాయి. చారలే చెరిగిపోయి గడ్డలా కనిపిస్తే మాత్రం వారాల తరబడి ఆగకండి, వెంటనే సూదితో నమూనా తీయించండి.

డాక్టరుగారిని అడగండి: చారలు విడివిడిగా ఉన్నాయా? గోడ మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు? మామూలుగా 2 నుంచి 2.5 ఉంటుంది. లింఫ్ గ్రంథి 5 మిల్లీమీటర్లు దాటిందా? గ్రంథిలో సూది పెట్టి 'రియాక్టివ్' (క్యాన్సర్ కాదు, వాపుకు స్పందించి పెరిగింది) అని చెప్పినా పూర్తిగా నిశ్చింత పడొద్దు, స్మాల్ సెల్ రకం సూదికి తరచు దొరకదు.

వారానికోసారి కక్కడాన్ని వెంట్రుకల ఉండలని కొట్టిపారేస్తారు చాలామంది. అదీ జబ్బు లక్షణంగా లెక్కలోకే వస్తుంది. 4.5 కిలోల పిల్లి నెలలో 200 గ్రాములు తగ్గినా పట్టించుకోవాలి, అందుకే వారం వారం తూచండి. రక్తంలో విటమిన్ బి12, థైరాయిడ్ హార్మోన్ టి4 చూపించండి. బి12 తక్కువైతే 250 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ వారానికొకటి, 6 వారాలు చేయించడం వాడుక. హైడ్రలైజ్డ్ మేత (ఒంటికి పడకపోవడం తగ్గేలా ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టిన ఆహారం) పెట్టి చూస్తే 2, 3 వారాలు అదొక్కటే పెట్టాలి. మధ్యలో ఒక చేపముక్క, ఒక చెంచా పెరుగన్నం వేసినా పరీక్ష చెడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, బయాప్సీ (పేగు ముక్క తీసి పరీక్షించడం) ఆలోచన ఉంటే దానికి ముందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వకండి. ఆ మందుకు లింఫోసైట్లు తగ్గిపోయి, తర్వాత తీసిన ముక్కలో జబ్బు సరిగ్గా బయటపడదు. ఎండోస్కోపీ (కెమెరా గొట్టం లోపలికి పంపడం) లోపలి పొర ముక్కే తెస్తుంది, పేగు మధ్యభాగానికి చేరదు. ఆపరేషన్‌తో తీసే ముక్కలో అన్ని పొరలూ ఉంటాయి, కానీ రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువున్న పిల్లికి కుట్లు ఊడే ముప్పుంది. ఒకవేళ స్మాల్ సెల్ లింఫోమాయే అయినా, ప్రెడ్నిసొలోన్, క్లోరాంబుసిల్ (క్యాన్సర్ మందు) మాత్రలతో రెండేళ్లు, ఆపైన కూడా బాగా బతికే పిల్లులు చాలా ఉన్నాయి.

బరువు నిలకడగా ఉండి, వాంతులు లేక, బి12 బాగుంటే 2, 3 నెలలకు మళ్లీ స్కాన్ చాలు. వీలైతే అదే డాక్టరు దగ్గర, పరగడుపున తీయించండి, అప్పుడే పాత కొలతలతో పోల్చడానికి వీలవుతుంది.