కెనడాలో శరణార్థి దరఖాస్తు తిరస్కరిస్తే అప్పీలులో ఏం చూస్తారు?

శరణార్థి దరఖాస్తు తిరస్కరణకు గురైన తెలుగువారు నన్ను ముందుగా అడిగేది, "మా గోడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవచ్చా అండీ?" అని. చాలామట్టుకు కుదరదు. అప్పీలు అంటే తిరస్కరణ పత్రంలో పొరపాటు ఏ పేరాలో జరిగిందో వేలు పెట్టి చూపించడం.

కులాంతర వివాహం చేసుకున్నందుకు అత్తవారి వైపు నుంచి ప్రాణభయం ఉందని చెప్పుకున్న ఒక అబ్బాయి పత్రాన్ని పోయినేడాది మా వంటింటి బల్ల మీద పెట్టుకుని ఇద్దరం చదివాము. తనను దాచిపెట్టిన మనిషిని అతను దరఖాస్తులో పెదనాన్న కొడుకు అని రాశాడు, విచారణలో మాత్రం అలవాటు కొద్దీ "మా అన్నయ్య" అన్నాడు. ఇంటర్‌ప్రెటర్ దాన్ని సొంత అన్నగా ఇంగ్లీషులో చెప్పడంతో, తోబుట్టువులు లేరని రాసినవాడు మాట మారుస్తున్నాడని నిర్ణయంలో రాశారు. మన ఇళ్లలో అది వైరుధ్యమే కాదు. లాయరు విచారణ రికార్డింగు తెప్పించి, ఆ మాట వచ్చిన నిమిషంతో సహా అప్పీలులో చూపించారు.

అయితే అదే పత్రం చివర మరో కారణం ఉంది: భారతదేశంలోనే వేరే నగరానికి వెళ్లి బతకవచ్చు కదా అని. మనవారి దరఖాస్తులకు తరచుగా అడ్డుపడేది ఇదే, పైగా తిరస్కరణ నిలబడడానికి ఇదొక్కటి చాలు. అత్తవారు అక్కడికి కూడా ఎలా వెతుక్కుంటూ రాగలరో, వారికి ఆ పలుకుబడి, పట్టుదల ఉన్నాయని ఏ ఆధారం చూపుతుందో చెప్పకుండా అన్నయ్య సంగతి ఒక్కటే సరిదిద్దితే ప్రయోజనం లేదు.

రాతపూర్వక కారణాలు అందిన 15 రోజుల్లో ఈ అప్పీళ్లు వినే రెఫ్యూజీ అప్పీల్ డివిజన్‌కు అప్పీలు నోటీసు ఇవ్వాలి. ఇంట్లో ఉండి కూడా మొదటి విచారణలో ఇవ్వని కాగితాన్ని వారు సాధారణంగా తీసుకోరు. తిరస్కరణ తరువాత పుట్టిన ఆధారమో, అంతకుముందు మీకు అందుబాటులో లేనిదో అయి ఉండాలి. దరఖాస్తుకు నమ్మదగిన ఆధారమే లేదని నిర్ణయంలో తేలిస్తే మీకు ఈ అప్పీలు హక్కు ఉండదు, నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి.

అప్పీలు కూడా పోతే ఆ నిర్ణయాన్ని సమీక్షించమని ఫెడరల్ కోర్టులో అనుమతి కోరడానికి మళ్లీ 15 రోజులే. అక్కడ గెలిచినా న్యాయమూర్తి మీకు శరణార్థి హోదా ఇవ్వరు, కేసును తిరిగి నిర్ణయించమని వెనక్కి పంపుతారు. అప్పీల్ డివిజన్ తిరస్కరణ మీద గడువులోగా కోర్టుకు వెళ్తే సాధారణంగా దేశం నుంచి పంపివేయడం దానంతటదే ఆగుతుంది. అప్పీలు హక్కే లేనివారు మాత్రం స్టే కోసం, అంటే పంపివేయడాన్ని ఆపే ఉత్తర్వు కోసం, విడిగా అడగాలి. ఇమిగ్రేషన్ కన్సల్టెంటు ఎంత మంచివారైనా ఫెడరల్ కోర్టులో మీ తరఫున నిలబడలేరు, అక్కడ లాయరే కావాలి. డబ్బు లేదని ఆగకండి. అంటారియోలో ఉంటే కాగితం అందిన రోజే డబ్బు లేనివారికి న్యాయ సహాయం అందించే లీగల్ ఎయిడ్‌కు ఫోన్ చేయండి. ఆ పత్రం ఏ తేదీన అందిందో చూపించే కవరు గానీ ఈమెయిలు గానీ దాచి ఉంచండి, ఎందుకంటే లాయరు మిమ్మల్ని మొదట అడిగేది అదే.