పరుగుకి ఫ్లీస్ కొనేముందు నోటికి ఆనించి ఊది చూడండి

ప్రశ్న: "బరంపురంలో ఉంటాను. జనవరిలో స్నేహితులతో దేవమాలి దగ్గర కొండ దారుల్లో పరుగుకి వెళ్తున్నాం. లోపల టీషర్టుకీ పైన జాకెట్‌కీ మధ్య వేసుకోవడానికి ఎలాంటి ఫ్లీస్ కొనాలి? బాగా మందంగా ఉన్నది తీసుకోమని అందరూ అంటున్నారు. బడ్జెట్ 2,000."

ఫ్లీస్ అంటే దుప్పటిలా నూగు ఉన్న పాలిస్టర్ గుడ్డతో కుట్టిన చొక్కా. మీకు సలహా ఇచ్చిన ఆ అందరిలో ఒక్కరైనా చలిలో కొండెక్కుతూ పరిగెత్తారా అని ముందు అడగండి. మందంగా ఉన్నది తీసుకోమని చెప్పేవాళ్లంతా టీ కొట్టు దగ్గర నిలబడి చలికాచుకున్నవాళ్లే. నేనూ వాళ్ల మాటే విన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది పర్లాకిమిడి. మందుల షాపు నాది. 39వ ఏట షుగరు బోర్డర్‌లో ఉందని తెలిశాక పరుగు మొదలుపెట్టాను, ఏడేళ్లయింది. వేగం ఎంతని అడక్కండి. చలికాలంలో నెలకి ఒకటి రెండు ఆదివారాలు నేనూ మా బావమరిదీ మహేంద్రగిరి వైపు వెళ్తాం. దాని ఎత్తు 1,501 మీటర్లు, మా ఊరు 200 మీటర్లు కూడా ఉండదు. కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. అంటే మా వీధిలో పదహారు ఉన్న తెల్లవారుజామున కొండ మీద ఏడెనిమిది ఉంటుంది. పైగా మన చలి తడి చలి. మంచు పట్టిన గడ్డి మోకాళ్ల దాకా తడిపేస్తుంది. హిమాలయాల్లో మైనస్ డిగ్రీల్లో నిలబడి జాకెట్ల గురించి చెప్పే వీడియోలు చూసి మనం కొనుక్కోవడం ఏమిటో నాకర్థం కాదు. కానీ నేనూ అలాగే మందమైనది కొన్నాను.

కొనడం కూడా సులువుగా జరగలేదు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడదామంటే మా పిన్‌కోడ్‌కి పంపరట. మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటాం. ఆ సంగతి ఎవరికి పట్టింది? చివరికి పాతపట్నంలో మా మేనమామ ఇంటి అడ్రసు ఇచ్చాను. సైకిలు మీద వెళ్లి రాగలిగేంత దూరం, కాకపోతే అది ఆంధ్ర. పార్సిల్ అక్కడికి భేషుగ్గా వచ్చింది. నేను తెచ్చుకోవడానికి వెళ్లేసరికి మా మావయ్య దాన్ని విప్పి మూడు రోజులుగా వేసుకు తిరుగుతున్నాడు. "ఎచ్చగుందిరా, దుప్పటి కప్పుకున్నట్టే ఉంది" అన్నాడు. దుప్పటి అన్నప్పుడైనా నాకు వెలగాల్సింది.

సంక్రాంతి వెళ్లిన వారం అది. తెల్లవారుజామున నాలుగున్నరకి బావమరిది బైకు వెనక కూర్చుని బయల్దేరాను. దారంతా ఎదురుగాలి. వాడు హ్యాండిల్ మీద వణుకుతుంటే నేను మెడ దాకా జిప్పు లాక్కుని, నా అంత తెలివైనవాడు గజపతి జిల్లాలోనే లేడనుకున్నాను. కొయింపూర్ దాటాక బైకు ఒక ఇంటి ముందు పెట్టి పరుగు మొదలుపెట్టాం. వాడు స్వెట్టర్ తీసి బైకు డిక్కీలో పడేశాడు. పల్చటి పాలిస్టర్ టీషర్టు, నడుముకి చిన్న సంచీ, అంతే. "చలిరా" అన్నాను. "పది నిమిషాలు పరిగెడితే తగ్గిపోద్ది బావా" అన్నాడు.

పది నిమిషాలకి నాకు చెమట మొదలైంది. ఇరవై నిమిషాలకి వీపు మీద ధారలు. విప్పుదామంటే పెట్టుకోవడానికి సంచీ లేదు, నడుముకి కట్టుకుంటే అంత మందం గుడ్డ జారిపోతోంది. లోపల నూలు బనియన్. మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో మగాళ్లు బనియన్ లేకుండా గడప దాటరు. పరుక్కీ దాంతోనే వెళ్లాను. ఎదురుగా సవర ఆడవాళ్లు నెత్తిన మోపులతో దిగుతున్నారు, మామూలు చీరలు, పైన ఒక తువ్వాలు. నన్ను చూసి ఏదో అనుకుని నవ్వారు. ఏమనుకున్నారో తెలియదు కానీ సరిగ్గానే అనుకుని ఉంటారు.

పైకి చేరాక భీముడి గుడి దగ్గర ఆగాం. అంత పెద్ద రాళ్లతో అంత చిన్న గుడి, ఎన్నిసార్లు చూసినా ఆగాలనిపిస్తుంది. పొగమంచు పాకుతూ వచ్చి పోతోంది, గాలి మాత్రం ఆగడం లేదు. ఫోటోలు తీసుకుంటూ ఐదు నిమిషాలు నిలబడ్డామేమో. ముందు వీపు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టనిపించింది. తర్వాత పళ్లు కొట్టుకోవడం మొదలైంది. ఫ్లీస్ విప్పుదామని జిప్పు పట్టుకుంటే వేళ్లు వంగడం లేదు. పరశురాముడు ఈ కొండ మీదే తపస్సు చేశాడంటారు. ఏం కట్టుకుని చేశాడో గానీ నా బనియన్ మాత్రం కట్టుకుని ఉండడు.

"ఏటి బావా, అలా వణికిపోతన్నావు? పెదాలు నీలంగా అయిపోనాయి" అన్నాడు బావమరిది. వాడే నా జిప్పు తీశాడు, బనియన్ కూడా విప్పించాడు. తన సంచీలోంచి పిడికెడంత మూట తీసి విదిలిస్తే అది గాలిని ఆపే పల్చటి జాకెట్ అయింది. నాకు తొడిగాడు. కుంతి గుడి వైపు దిగితే అక్కడ ఒకాయన నెగడు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఏమీ అడగలేదు, పక్కకి జరిగి చోటిచ్చాడు. నేను ఆ తడి ఫ్లీస్‌నే ఒళ్లో పెట్టుకుని మంటకి దగ్గరగా కూర్చున్నాను. నిప్పురవ్వలు పడి ఐదు చోట్ల చిల్లులు. నూలు అయితే కాలి నల్లబడుతుంది. ఇది పాలిస్టర్, కరిగి ముడుచుకుపోయి అంచులు గట్టిపడతాయి. 1979లో అమెరికాలో ఈ గుడ్డ పుట్టిందీ పాలిస్టర్‌తోనే, 1990ల నుంచి వాడేసిన ప్లాస్టిక్ సీసాలని కరిగించి కూడా తయారు చేస్తున్నారు. అంటే నేను నెగడు పక్కన నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టే.

ఆ రోజు దెబ్బకి దీని సంగతేంటో తెలుసుకుందామని కూర్చున్నాను. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే బయటికి వస్తుంది. నాలుగో వంతే పరుక్కి. అంటే ఒంట్లోనే పొయ్యి ఉంది. దాని మీద దుప్పటి కప్పితే చెమట పట్టక ఏమవుతుంది? గాలితో పోలిస్తే నీరు పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పరుగు ఆగగానే పొయ్యి ఆరిపోతుంది, ఒంటి మీద తడి మిగులుతుంది. నన్ను వణికించింది మహేంద్రగిరి చలి అనుకుంటే పొరపాటు, నా చెమటే.

పాలిస్టర్ దారం నీళ్లు పీల్చుకోదు, బరువులో ఒక శాతం కూడా కాదు. అందుకే ఫ్లీస్ విదిలిస్తే సగం ఆరిపోతుంది. నూలు తాగినంత తాగి ఒంటికి అతుక్కుంటుంది. అందుచేత బనియన్ వేసుకుని ఎంత మంచి ఫ్లీస్ తొడిగినా దండగే. మీ ప్రశ్నలో "లోపల టీషర్టు" అన్నారు, అది నూలుదైతే ముందు దాన్ని మార్చండి. ఫ్లీస్ తర్వాత సంగతి.

మరుసటి డిసెంబర్‌లో పిల్లల్ని జీరంగ్ బౌద్ధ మఠం చూపించడానికి మా జిల్లాలోనే ఉన్న చంద్రగిరి తీసుకెళ్లాను. అక్కడ 1963 నుంచి టిబెట్ వాళ్లు ఉంటున్నారు. ఆ మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. మఠం చూశాం, మా వాడు కుక్కపిల్లల కోసం ఏడ్చాడు, అదంతా వేరే కథ. ఒక చిన్న కొట్లో స్వెట్టర్లు అమ్ముతున్న ఆవిడ ఉంది, మా అమ్మ వయసు. నేను అలవాటు చొప్పున మందమైనదే తీశాను. దేనికని ఒడియాలో అడిగింది. కొండ మీద పరుగుకి అన్నాను. నా చేతిలోది లాక్కుని మడత పెట్టేసింది. లోపలి వైపు చిన్న చిన్న గడులు ఉన్న పల్చటిది ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూపించింది. గడుల మధ్య నుంచి వెలుగు కనిపిస్తోంది. "ఇది నీకు. అది మీ నాన్నకి" అంది. మా నాన్న లేరని చెప్పలేదు, పాతపట్నం మావయ్య గుర్తొచ్చాడు. బేరమాడితే 650కి ఇచ్చింది. కాలరు మీద ఏ బ్రాండు పేరూ లేదు. నాలుగో చలికాలం ఇది, ఇప్పటికీ అదే వేసుకుంటున్నాను.

ఆవిడ వెలుతురుకి పట్టి చూసింది, నేను దాన్ని కొంచెం పెంచాను. గుడ్డని నోటికి ఆనించి గట్టిగా ఊదండి, అవతల అరచెయ్యి పెట్టండి. గాలి చేతికి తగిలితే కొనండి. తగలకపోతే ఎంత పెద్ద పేరున్నదైనా అక్కడే వదిలేయండి. షాపు వాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. "ఇది గాలి ఆపుతుంది సార్" అని లోపల పొర అతికించిన ఫ్లీస్ అమ్మజూపుతారు. గాలి ఆపేది చెమటనీ ఆపుతుంది. ఫ్లీస్‌లోంచి గాలి దూరిపోతుందని తిట్టేవాళ్లకి అది లోపం, పరిగెత్తేవాడికి అదే కావాలి. గాలిని ఆపడానికి పిడికెడు జాకెట్ ఉండనే ఉంది, ఆగినప్పుడు తీసి తొడుక్కోవచ్చు.

మందాన్ని 100, 200, 300 అని చెప్పే పద్ధతి ఒకటుంది, చదరపు మీటరు గుడ్డకి సుమారు ఇన్ని గ్రాములని. మన కొండలకి 100 దాటక్కర్లేదు. 300 అంటే మా మావయ్య రకం. నాది షాపులో తూకం వేస్తే 220 గ్రాములుంది, మొత్తం చొక్కా. గడుల రకం దొరికితే వెతుక్కోనక్కర్లేదు, తీసేసుకోండి. ఉబ్బెత్తుగా ఉన్న చోట ఒంటికి తగిలి, మధ్య సందుల్లోంచి ఆవిరి పోతుంది. సగం జిప్పుది తీసుకోండి. ఎక్కేటప్పుడు ఛాతీ దాకా దించడం, దిగేటప్పుడు లాక్కోవడం, గ్యాస్ పొయ్యి తిప్పినట్టే. టోపీ ఉన్నది వద్దు, జాకెట్‌కీ టోపీ ఉంటే మెడ వెనక రెండు మూటలవుతాయి. ఒంటికి పట్టినట్టుండాలి, వదులుగా ఉంటే మధ్యలో గాలి తిరుగుతుంది. ఈ మధ్య దోమతెరలా అవతలివైపు కనిపించే బూరుగు దూదిలాంటి రకం ఒకటి వచ్చింది, మొదట అమెరికా సైన్యంలో ప్రత్యేక దళాల కోసం తయారైందది. గుణానికి దాన్ని మించింది లేదు. మీ బడ్జెట్‌లో రాదు, మన లాంటానా పొదల ముళ్లకి రెండు ఆదివారాలు కూడా నిలవదు.

ఉతకడం గురించి ఎవరూ చెప్పరు. తిరగేసి చల్లనీళ్లలో ఉతకండి, బట్టల్ని మెత్తబరిచే ఘాటు వాసన ద్రావకాలు వెయ్యకండి, వేస్తే చెమటని బయటికి పంపే గుణం పోతుంది. ఇస్త్రీకి అస్సలు ఇవ్వకండి. నా రెండో దాన్ని మా ఆవిడ అన్ని బట్టలతో కలిపి ఇస్త్రీకి పంపింది. వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో గడులన్నీ చదునైపోయాయి. ఆ వీపుతోనే వేసుకు తిరుగుతున్నాను. వాసన వస్తుందని ఇంట్లో గొడవ కూడా ఉంటుంది, పాలిస్టర్ బుద్ధి అంతే. ఇంటికి రాగానే తడిపేయడం తప్ప నాకు దొరికిన మందు లేదు. షాపులో అన్నిటికీ మందులు అమ్ముతాను.

ఇక మీ దేవమాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు. సముద్రానికి దగ్గర్లో ఉన్న బరంపురంతో పోలిస్తే పది డిగ్రీల పైనే తగ్గుతుందనుకోండి. పైన చెట్లుండవు, గడ్డి బోడికొండ, గాలికి అడ్డు లేదు. అందుకని గాలిని ఆపే జాకెట్ లేకుండా మాత్రం వెళ్లకండి. మొదలుపెట్టేటప్పుడు కాస్త చలి వెయ్యాలి. వెచ్చగా ఉందంటే ఒకటి ఎక్కువ వేసుకున్నారని అర్థం, బండి దగ్గరే తీసి పెట్టేయండి. మంకీ క్యాప్ పెట్టుకెళ్లమని మీ ఇంట్లో కచ్చితంగా అంటారు. పెట్టుకోండి, వీధి మలుపు తిరిగాక తీసేయండి. చేతి తొడుగులు లేకపోతే పాత సాక్సులు చాలు, నేనిప్పటికీ అవే తొడుక్కుంటాను.

రెండు వేలలో ఫ్లీస్‌కి వెయ్యి దాటనివ్వకండి, మిగతాది జాకెట్‌కి ఉంచండి. ఈపాటికే మందమైనది కొనేసి ఉంటే పారేయకండి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ బైకు మీద దాన్ని మించింది లేదు. నా ఐదు చిల్లులదాన్ని మావయ్యకే ఇచ్చేశాను. చిల్లులకి అత్త అతుకులు వేసింది. ఉగాది దాకా విప్పడు.