కీమో తర్వాత క్రియాటినిన్ నార్మల్.. అంటే కిడ్నీలు బాగున్నట్లేనా?

ప్రశ్న: మా అమ్మ వయసు 58. రెండేళ్ల కిందట గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. ఇప్పుడు క్యాన్సర్ లేదన్నారు. కానీ ఒకటే నీరసం, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. బరువు 62 కిలోల నుంచి 49కి పడిపోయింది. షుగర్ లేదు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, గ్యాస్‌కు పాంటాప్రజోల్ వేసుకుంటోంది. చికిత్సకు ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థం) 0.6 ఉండేది, ఇప్పుడు 0.9. ల్యాబ్‌లో నార్మలే అన్నారు. నిజమేనా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: పాత రిపోర్టు దాచి మంచి పని చేశారు. అది లేకపోతే ఈ 0.9ని ఎవరూ పట్టించుకోరు. వయసు, స్త్రీ/పురుష తేడా కలిపి కిడ్నీల వడపోతను లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ ప్రకారం చూస్తే, అప్పట్లో మీ అమ్మగారిది సుమారు 105. ఇప్పుడు 74 దగ్గరుంది. రెండుసార్లూ క్రియాటినిన్ ‘నార్మలే’, వడపోత మాత్రం దాదాపు మూడో వంతు తగ్గింది.

అసలు వడపోత ఇంకాస్త తక్కువే కావచ్చు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. 13 కిలోలు తగ్గిన మనిషిలో కండ కూడా కరిగి ఉంటుంది కాబట్టి కిడ్నీ దెబ్బతిన్నా ఆ అంకె పెద్దగా పెరగదు. ఇలాంటివారికి నేను సిస్టాటిన్-సి రక్తపరీక్ష రాస్తాను. దానికి కండతో అంతగా సంబంధం ఉండదు. థైరాయిడ్ సమస్య ఉన్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అదీ తేడాగా చూపిస్తుంది, ముందే చెప్పండి. రెండు లెక్కలూ పొసగకపోతే, కిడ్నీల వడపోతను నేరుగా కొలిచే డీటీపీఏ స్కాన్‌తో తేల్చుకోవచ్చు.

పిక్కలు పట్టేయడం నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. సిస్‌ప్లాటిన్ దెబ్బ ప్రధానంగా కిడ్నీలోని సన్నని గొట్టాల మీద పడుతుంది. దాంతో మెగ్నీషియం మూత్రంలో పోతుంది, చికిత్స అయిపోయిన చాలాకాలానికీ ఈ నష్టం ఆగకపోవచ్చు. పైగా పాంటాప్రజోల్‌ను నెలల తరబడి వాడినా మెగ్నీషియం తగ్గుతుంది. మామూలు కిడ్నీ ప్యాకేజీల్లో ఈ పరీక్ష చాలాసార్లు ఉండదు, అడిగి చేయించుకోవాలి. మెగ్నీషియంతో పాటు పొటాషియం, కాల్షియం, ఫాస్ఫరస్ చూడాలి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ (ఏసీఆర్ పరీక్ష), గ్లూకోజ్ కూడా. షుగర్ లేని మనిషి మూత్రంలో గ్లూకోజ్ కనిపిస్తే ఆ గొట్టాలు దెబ్బతిన్నాయేమోనని అనుమానించాలి. ఏసీఆర్ బాగుందని మాత్రం నిశ్చింతగా ఉండొద్దు, సిస్‌ప్లాటిన్ నష్టం అందులో కనిపించకపోవచ్చు.

పొట్ట అల్ట్రాసౌండ్ తప్పనిసరి. కటిభాగంలో రేడియేషన్ పడ్డాక, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత, మూత్రనాళాలు బిగుసుకుపోయి కిడ్నీలు ఉబ్బుతాయి. నొప్పి కూడా తెలియకపోవచ్చు. క్యాన్సర్ తిరగబెట్టినా ఇలాగే అడ్డుపడుతుంది కాబట్టి మీ ఆంకాలజిస్టుకూ రిపోర్టు చూపించండి. అంతగా బరువు ఎందుకు తగ్గిందో కూడా వారినే అడగండి.

డైక్లోఫెనాక్ కిడ్నీలకు హాని చేయొచ్చు, ఈరోజే ఆపేయండి. మోకాళ్లకు పారాసిటమాల్ ఎంత మోతాదులో వాడొచ్చో డాక్టర్‌ను అడగండి. పాంటాప్రజోల్ ఇంకా అవసరమో లేదో కూడా వారే తేలుస్తారు. భస్మాలు, పసర్ల జోలికి పోవద్దు. బిందెలు బిందెలు నీళ్లు తాగిస్తే కిడ్నీలు కడిగినట్టవుతాయని చుట్టుపక్కల వాళ్లు చెబుతారు, దాహానికి సరిపడా తాగితే చాలు. కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనిపించడానికి ఇచ్చే మందు) ఇచ్చి సీటీ తీస్తామంటే ఈజీఎఫ్ఆర్ అంకె ముందే చెప్పండి.

ఈ పరీక్షలు వారంలోగా చేయించి నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టర్) కలవండి. మూడు నెలలకు మళ్లీ చేయిస్తే నష్టం అక్కడే ఆగిందో, పెరుగుతోందో తెలుస్తుంది. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, గుండె దడగా అనిపించినా, వేళ్లు కొంకర్లు పోతున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.