ఫోన్లో నెట్ బాగుండి టీవీలోనే తెగుతుంటే ముందు ఏం చూడాలి?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఫ్లాట్, 43 అంగుళాల స్మార్ట్ టీవీ, 100 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాను. ఫోన్లలో నెట్ బాగానే ఉంటుంది, రాత్రి ఏడు దాటాక టీవీలో మాత్రం గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, అప్పుడప్పుడు 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' అని వస్తుంది, రూటర్ మార్చాలా టీవీ మార్చాలా అని మీరు అడిగారు. ఇప్పుడే రెండూ మార్చొద్దు. మాది కావలి. మా ఇంట్లో ఇదే బాధ పడ్డాం, నెల్లూరులోనే ఉండే మా అక్కావాళ్ల ఫ్లాట్‌లోనూ ఇదే బాధ. పైకి కనిపించేది రెండు చోట్లా అదే గుండ్రం, కారణాలు మాత్రం పూర్తిగా వేరు, ఒకచోట పనిచేసిన మార్పు ఇంకోచోట అస్సలు పనిచేయలేదు. అందుకే ఎవరు ఏ చిట్కా చెప్పినా, నేను చెప్పినా సరే, ముందు మీ ఇంట్లో ఎక్కడ తెగుతోందో తేల్చుకోండి.

తెగడానికి మూడే చోట్లు. వీధిలోంచి రూటర్ దాకా వచ్చే ఫైబరు, రూటర్ నుంచి టీవీ దాకా గాలిలో వచ్చే సిగ్నల్, టీవీ లోపల. ఫోన్లో బాగుంది కాబట్టి లైను బాగుంది, లోపం టీవీదే అని అందరం అనేసుకుంటాం. ఫోను మాట అంత తేలిగ్గా నమ్మకండి. ఫోను మనతోపాటు తిరుగుతుంది, సిగ్నల్ బాగున్న మూలకే మనం తెలియకుండా వెళ్లి కూర్చుంటాం, పైగా వైఫై నీరసపడగానే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా సిమ్ డేటాకి మారిపోతాయి. టీవీకి సిమ్ లేదు, గోడ దగ్గర్నుంచి కదలదు. కాబట్టి ఈ రోజు రాత్రి ఎనిమిదింటికి, అంటే గుండ్రం తిరిగే వేళకే, ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, టీవీ ఏ పేరు వైఫైకి కనెక్ట్ అయి ఉందో సరిగ్గా ఆ పేరుకే ఫోన్ని కనెక్ట్ చేసి, ఫోన్ని టీవీ వెనక్కి ఆనించి పట్టుకుని స్పీడ్ టెస్ట్ పెట్టండి. సోఫాలో కూర్చుని కాదు, టీవీ వెనకే. అక్కడ ఫోను కూడా పడకేసిందంటే టీవీ ఏ పాపం ఎరగదు. ఫోను దౌడు తీస్తూ టీవీ మాత్రం ఆగుతుంటే అప్పుడు టీవీని అనుమానించండి.

టీవీలో కూడా ఒకటి చూడొచ్చు, దీని సంగతి చాలామందికి తెలియదు. యూట్యూబ్‌లో ఏదైనా వీడియో పెట్టి, సెట్టింగ్స్ గుర్తులోకి వెళ్తే 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అని ఉంటుంది, అది ఆన్ చేస్తే తెర మీద ఒక మూల చిన్న పట్టిక వస్తుంది. అందులో 'కనెక్షన్ స్పీడ్', 'బఫర్ హెల్త్' అనే రెండు వరసలు చూడండి. బఫర్ హెల్త్ అంటే ముందుగా తెచ్చి పెట్టుకున్న వీడియో ఇంకా ఎన్ని సెకన్లకు సరిపోతుందో ఆ లెక్క. అది ముప్పై, నలభై దగ్గర నిలకడగా ఉంటే మీ నెట్ నిక్షేపంగా ఉన్నట్టు. అది కళ్లముందే జారుతూ సున్నాకొచ్చి, అప్పుడు గుండ్రం మొదలైతే నెట్ చాలడం లేదు. బఫర్ నిండా ఉండి కూడా బొమ్మ ఆగి ఆగి ఆడితే టీవీ ప్రాసెసర్, మెమరీ మోయలేకపోతున్నాయి, వైఫైని ఎంత తిప్పినా లాభం లేదు. అసలు ఎంత స్పీడు కావాలంటారా, నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పే లెక్క 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15. మీకున్నది 100. అందులో ఐదో వంతు టీవీ దాకా నిలకడగా చేరినా చాలు, పెద్ద ప్లాను తీసుకోండి అని ఎవరన్నా అంటే వినొద్దు.

లైను సంగతి త్వరగా తేలిపోతుంది. ల్యాప్‌టాప్ ఉంటే వైఫై ఆపేసి, కేబుల్‌తో నేరుగా రూటర్‌కి పెట్టి అదే వేళకి టెస్ట్ చేయండి. అక్కడే స్పీడు రాకపోతే ఇంట్లో ఏం చేసినా దండగ, నెట్ ఇచ్చినాయనకి ఫోన్ చేయాల్సిందే. ఫైబర్ బాక్సు మీద 'పాన్' లైటు నిలకడగా వెలగాలి, 'లాస్' అని ఎర్రలైటు కొట్టుకుంటే ఫైబర్లో వెలుతురు రావడం లేదని అర్థం. ఆ బాక్సు సెట్టింగ్స్ పేజీలో 'ఆప్టికల్ పవర్' అనో 'ఆర్‌ఎక్స్ పవర్' అనో ఒక అంకె ఉంటుంది, మామూలుగా వాడే బాక్సులకి అది మైనస్ 8కి, మైనస్ 27కి మధ్య ఉండాలి, మైనస్ 26 అని చూపిస్తే అంచున వేలాడుతున్నట్టే. కిటికీ రెక్క సందులోనో తలుపు కిందో ఆ సన్నని తీగ నలిగి మడతపడినా అంకె పడిపోతుంది. నెట్ అబ్బాయి వచ్చినప్పుడు ఈ అంకె చూపించి మాట్లాడండి, 'స్లోగా ఉంది' అని మాత్రం చెబితే రూటర్ ఆపి ఆన్ చేసి వెళ్లిపోతారు.

ఇక గాలిలో వచ్చే సిగ్నల్. ఎక్కువ ఇళ్లలో జబ్బు ఇక్కడే ఉంటుంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను.

మా కావలి ఇల్లు పాతది, లావు గోడలు. ఫైబర్ తెచ్చినాయన వీధి కిటికీలోంచి తీగ లోపలికి లాగి, ఆ పక్కనే ఉన్న ప్లగ్గుకి రూటర్ పెట్టేసి పోయాడు. ఆ గదిలో కిటికీకి, హాలుకి మధ్య ఇనుప బీరువా. హాల్లో టీవీ ఏమో గోడకి లోపలికి తొలిచిన గూట్లో, కిందా పైనా చీమకుర్తి నల్ల గ్రానైట్ పలకలు. టీవీ వైఫై యాంటెన్నా ఉండేది ప్యానెల్ వెనక, అంటే సిగ్నల్ బీరువా దాటి, గోడ దాటి, టీవీ వెనక ఉన్న రేకు దాటి లోపలికి పోవాలి. ఇనుము రేడియో తరంగాల్ని తిప్పికొడుతుంది, నిలువుటద్దం వెనక ఉండే పూత కూడా అంతే చేస్తుంది, కాంక్రీటు, రాయి మింగేస్తాయి. ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి టీవీ వెనక చూస్తే సిగ్నల్ బలం మైనస్ 76 డీబీఎం. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే భేషు, వీడియో సాఫీగా ఆడాలంటే మైనస్ 67 కంటే దిగజారకూడదు. రూటర్‌ని హాలు గుమ్మం పైన సజ్జ మీదికి ఎక్కించి, ఫైబర్ తీగ కాస్త పొడిగించమని ఆయన్నే అడిగాం. మైనస్ 58కి వచ్చింది. పైసా పెట్టి కొత్త సామాను కొనలేదు. ఇప్పుడు సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన పిలకాయలు ఒకపక్క, టీవీ ముందు మా అమ్మ ఒకపక్క, ఎవరికీ ఆగడం లేదు.

మీది ఫ్లాట్, రాత్రిపూట మాత్రమే తెగుతోంది అంటున్నారు. అది వినగానే నాకు మా అక్కావాళ్ల ఇల్లే గుర్తొచ్చింది. వాళ్ల టీవీ దగ్గర సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది, మైనస్ 50 లోపే. కానీ ఎనలైజర్‌లో గ్రాఫు పెట్టి చూస్తే పైఫ్లాటు, కిందిఫ్లాటు, ఎదురుఫ్లాటు రూటర్లన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లో (ఇంటి వైఫై మామూలుగా వాడే రెండు బ్యాండ్లలో ఒకటి, రెండోది 5) ఒకే ఛానల్ మీద ఒకదాని మీద ఒకటి కొండల్లా పేర్చి ఉన్నాయి. వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. వీధి కుళాయి దగ్గర ఇరవై బిందెలు వరసలో పెట్టినట్టు. మధ్యాహ్నం వరస ఉండదు, రాత్రి అందరిళ్లలోనూ టీవీలు ఆన్ అవుతాయి, అప్పుడు మన బిందెకి వంతు రాదు. టీవీకి ఫుల్ గీతలు కనిపిస్తూనే ఉంటాయి, వీడియో మాత్రం రాదు.

2.4లో ఒకదాన్నొకటి ఒరుసుకోని ఛానళ్లు మూడే: 1, 6, 11. రూటర్ పేజీలోకి వెళ్లి (బ్రౌజర్‌లో కొట్టాల్సిన అడ్రసు 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటుంది, బాక్సు అడుగున అతికించిన కాగితం మీద చూడండి) ఛానల్ 'ఆటో'లో ఉంటే తీసేసి, ఆ మూడింట్లో మీ ఎనలైజర్‌లో తక్కువ కొండలున్నదాన్ని పెట్టండి, ఛానల్ విడ్త్ 20 మెగాహెర్ట్జ్ చేయండి. ఆటో అంటే అదే చూసుకుంటుందనుకుంటాం, చాలా రూటర్లు ఆన్ అయిన క్షణంలో ఒకసారి చూసుకుని అక్కడే ఉండిపోతాయి. మధ్యాహ్నం ఖాళీగా కనిపించిన ఛానల్ రాత్రికి కిక్కిరిసిపోతుంది కదా.

అంతకంటే మంచిది టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చడం. దూరం తక్కువ పోతుంది, గోడలు దాటడంలో నీరసమే, కానీ ఫ్లాట్‌లో అదే మేలు, పక్కింటివాళ్ల 5 గిగాహెర్ట్జ్ మన గోడ దాటి పెద్దగా రాదు. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి రూటరే సర్దుతుందిలే అని వదిలేస్తారు, నెట్ ఇచ్చినవాళ్లు కూడా అలాగే పెట్టిపోతారు. ఫోన్లకి అది పర్వాలేదు, కొన్ని టీవీలు మాత్రం ఈ బ్యాండు నుంచి ఆ బ్యాండుకి దూకేటప్పుడు కనెక్షన్ వదిలేస్తాయి. రెండు పేర్లు వేరుగా పెట్టండి, టీవీలో 5ది మాత్రం ఉంచి రెండోది 'ఫర్గెట్' కొట్టండి. టీవీ లిస్టులో 5ది అసలు కనిపించకపోతే ఎక్కువగా రెండు కారణాలు: మీ టీవీకి 2.4 మాత్రమే ఉండొచ్చు, తక్కువ ధర మోడళ్లు చాలావాటికి అంతే. లేదా రూటర్ 52 నుంచి 144 మధ్య ఛానల్ మీద ఉండొచ్చు. ఆ ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి, రాడార్ సిగ్నల్ అనిపిస్తే రూటర్ తనంతట తనే ఖాళీ చేసి వేరేచోటికి వెళ్లాలి, కొన్ని టీవీలు వాటిని అసలు వినవు. 36, 40, 44, 48లో ఒకటి పెట్టి చూడండి. అక్కావాళ్లింట్లో 36 పెట్టి పేర్లు వేరుచేశాక మా బావ క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్ దాకా ఆగకుండా చూశాడు.

చిన్నవి కొన్ని గబగబా చెప్తాను. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ 2.4 దగ్గరే, వంటింట్లో అది తిరిగినప్పుడే తెగుతుందేమో గమనించండి. టీవీ వెనక యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ పెట్టి ఉంటే తీసి చూడండి, అది కూడా 2.4ని పాడుచేస్తుంది. టీవీకి పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ వాడేవాళ్లయితే దాన్ని నేరుగా టీవీ వెనక దూర్చకుండా, దాంతో వచ్చే పొట్టి హెచ్‌డీఎంఐ తీగతో కాస్త బయటికి వేలాడేలా పెట్టండి.

మీకు వచ్చే 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్' మాత్రం వేరే కథ కావచ్చు. కరెంటు పోయొచ్చాకే ఎక్కువ వస్తోందా? కరెంటు రాగానే టీవీ ముందు లేస్తుంది, ఫైబర్ బాక్సు పూర్తిగా లేచి లైను పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆలోపు టీవీ అడిగి, జవాబు రాక, అలాగే ఉండిపోతుంది. ఇంకోటి, కొన్ని టీవీల్లో గడియారం వెనక్కి పోతుంది. టీవీలో తేదీ తప్పుంటే యాప్‌లు సర్వర్ సర్టిఫికెట్‌ని ఒప్పుకోవు, నెట్ ఉన్నా లేనట్టే. తేదీ, సమయం 'ఆటోమేటిక్'లో ఉన్నాయో లేదో చూడండి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందే గానీ ఆగదు, వారాల తరబడి అలాగే ఉంటే వైఫై భాగం మొరాయిస్తుంది. గోడ స్విచ్చి ఆపి ఒకట్రెండు నిమిషాలాగి వేయండి. స్టోరేజ్ నిండిపోతే వాడని యాప్‌లు తీసేయండి. రూటర్‌లో సెక్యూరిటీ 'డబ్ల్యూపీఏ3' ఒక్కటే పెట్టి ఉంటే పాత టీవీలు తడబడతాయి, 'డబ్ల్యూపీఏ2' ఉండేలా మార్చండి. రూటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవడం మన జిల్లాలో మంచిపనే, నవంబరులో వాయుగుండం పట్టిందంటే కరెంటు పోతూ వస్తూనే ఉంటుంది. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, చాలావాటికి 12 వోల్టులు.

ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరికి ఉంచండి. పాస్‌వర్డులన్నీ మళ్లీ కొట్టాలి, పెద్దవాళ్లున్న ఇంట్లో అది ఎంత టెన్షనో తెలుసు.

వైఫై సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే రిపీటర్ కొనమని కూడా చెబుతారు. నా అభిప్రాయం గట్టిగా చెప్తున్నా, టీవీ కోసం అది కొనొద్దు. మామూలు రిపీటర్ ఒకే బ్యాండు మీద విని మళ్లీ అదే బ్యాండు మీద చెప్పాలి, స్పీడు సుమారు సగం అక్కడే పోతుంది, పైగా మీ ఫ్లాట్‌లో ఉన్న రద్దీకి ఇంకోటి తోడవుతుంది. ఆ డబ్బుతో లాన్ కేబుల్ వేయించండి. టీవీ కదిలేది కాదు, తీగ వేయగలిగితే వైఫై దానికెందుకు? క్యాట్ 6 కేబుల్ ట్రంకు రోడ్డు షాపుల్లో మీటర్ల లెక్కన ఇస్తారు, అల్యూమినియం మీద రాగి పూత వేసింది అంటగడతారు, అచ్చం రాగిదే అడగండి. కరెంటు వైర్లున్న పైపులోంచి లాగొద్దు, గోడ అంచున పట్టీలో వేయించండి. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ వరకే పనిచేస్తుంది, టెస్టులో 90 దగ్గర ఆగితే కంగారు పడొద్దు, 4కేకి అది చాలు.

ఈ రాత్రి టీవీ వెనక ఫోన్ పెట్టినప్పుడు వచ్చిన స్పీడు, డీబీఎం అంకె, మీ రూటర్ ఉన్న ఛానల్ నంబరు, టీవీ మోడల్ రాయండి. 2.4లోనే ఇరుక్కున్నారా, టీవీకి 5 ఉందా అన్నది అవి చూస్తే చెప్పేయొచ్చు.