సమాధానం: చాప్లిన్ దగ్గరే ఆగిపోకండి

హిందీ సినిమా మీద హాలీవుడ్ ప్రభావం గురించి సెమినార్ ఇవ్వాలి, చాప్లిన్–రాజ్ కపూర్ తప్ప ఇంకేం దొరకట్లేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి. రాజ్ కపూర్‌ని రెండు ముక్కల్లో ముగించండి. ‘శ్రీ 420’ (1955) మొదట్లో చాప్లిన్‌ని తలపించే ఆ పొట్టి ప్యాంటు, భుజాన మూట చూపిస్తే చాలు.

మిగతా టైమంతా దర్శకుడు గురుదత్‌కి ఇవ్వండి. ‘బాజీ’ (1951)లో జూదం క్లబ్బు, సిగరెట్ పొగ, ముఖాల మీద నీడలు చూడండి. అచ్చంగా 1940ల హాలీవుడ్ క్రైమ్ సినిమాల పోకడే.

నాకు ప్రాణమైనది మాత్రం ఆయనదే ‘కాగజ్ కే ఫూల్’ (1959). సినిమాస్కోప్‌లో, అంటే వెడల్పాటి తెర పద్ధతిలో, వచ్చిన మన తొలి సినిమా. ‘వక్త్ నే కియా’ పాటలో కెమెరామన్ వి.కె. మూర్తి బయటి ఎండని అద్దాలతో స్టూడియోలోకి మళ్లించారు. చీకట్లో ఏటవాలుగా దిగే ఆ వెలుగుని క్లాసులో సౌండ్ ఆపి ఒకసారి చూపించండి.