గవర్నర్ మారితే పాత సంతకం ఉన్న నోటు చెల్లదా?

ప్రశ్న: ఒక తాకట్టు వ్యాపారి దగ్గర నగలు కుదువబెట్టి అప్పు తీసుకున్నాను. విడిపించుకుందామని వడ్డీతో కలిపి ₹46,000 పట్టుకెళ్లాను. అన్నీ 500 నోట్లే. ఆయన వాటిని తిప్పి చూసి, ‘వీటి మీద ఉర్జిత్ పటేల్, శక్తికాంత దాస్ సంతకాలున్నాయి. ఇప్పుడు రిజర్వు బ్యాంకుకు కొత్త గవర్నర్ వచ్చాడు. ఇవి రేపోమాపో రద్దవుతాయి, కొత్తవి తెచ్చుకో’ అని వెనక్కి పంపేశాడు. ఈలోగా వడ్డీ నడుస్తూనే ఉంటుందట. ‘చెల్లిస్తాను’ అని సంతకం పెట్టిన మనిషే దిగిపోతే ఆ హామీ ఏమైనట్టు? కొత్త గవర్నర్ వచ్చాక వడ్డీ రేట్లు తగ్గాయంటున్నారు, నా వడ్డీ తగ్గదా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ నోట్లు నిక్షేపంగా చెల్లుతాయి. ఆ వ్యాపారి చెప్పినది తప్పు. అయితే మీ వ్యవహారంలో ఆయన గమనించని చిక్కు వేరే ఒకటి ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మీరు నోటును ప్రోనోటులా చూస్తున్నారు. ప్రోనోటు మీద సంతకం పెట్టినవాడు స్వయంగా బాకీదారు, నిజమే. కానీ కరెన్సీ నోటు మీద గవర్నర్ పెట్టేది సొంత సంతకం కాదు, సంస్థ తరఫున పెట్టే సంతకం. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 3వ సెక్షన్ ఆ బ్యాంకును శాశ్వత వారసత్వం గల సంస్థ అంటుంది. అంటే మనుషులు వస్తారు, పోతారు, దాని అప్పులు, హామీలు మాత్రం దానివే. సబ్ రిజిస్ట్రార్ బదిలీ అయ్యాడని మీ ఇంటి దస్తావేజు చెల్లకుండా పోతుందా? ఇదీ అంతే. 26వ సెక్షన్ ప్రకారం ప్రతి బ్యాంకు నోటూ దేశంలో ఎక్కడైనా లీగల్ టెండర్ (చెల్లింపుకు చట్టం ఆమోదించిన డబ్బు), దానికి పూచీ కేంద్ర ప్రభుత్వానిది. అందులో ‘సంతకం పెట్టినవారు పదవిలో ఉన్నంత కాలం’ అన్న మాట ఎక్కడా లేదు.

సంతకం కుర్చీదే తప్ప మనిషిది కాదనడానికి ఒక సరదా ఉదాహరణ ఉంది. రూపాయి నోటును వెలువరించేది రిజర్వు బ్యాంకు కాదు, కేంద్ర ప్రభుత్వం. 2017లో వచ్చిన రూపాయి నోటు మీద ఆర్థిక శాఖ కార్యదర్శి హోదాలో సంతకం చేసింది ఈ శక్తికాంత దాసే. తరవాత గవర్నర్ అయ్యాక మిగతా నోట్ల మీద చేశారు. మనిషి ఒక్కరే, నోట్లు వెలువరించినవారు ఇద్దరు! ఇంకోటి చూడండి. ఉర్జిత్ పటేల్ 2018 డిసెంబరు 10న ఉన్నపళంగా రాజీనామా చేశారు. దాస్ బాధ్యతలు తీసుకున్నది 12న. ఆ మధ్యలో దేశంలో ఎవరి జేబులోని నోటూ చెల్లకుండా పోలేదు.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నా అనుమానం 2016 మీదే. రఘురామ్ రాజన్ ఆ సెప్టెంబరులో దిగిపోయారు, పటేల్ వచ్చారు, రెండు నెలలకే నవంబరు 8న పాత 500, 1,000 నోట్లు రద్దయ్యాయి. కొత్త 500 నోటు పటేల్ సంతకంతో చేతికొచ్చింది. చూసేవారికి ఆ రెండూ ఒకటే సంఘటన అనిపించడంలో వింత లేదు. కానీ అప్పుడు రద్దయింది సంతకం కాదు, ఆ విలువల నోట్ల సిరీస్. రాజన్ సంతకమున్న వంద నోటు ఇప్పటికీ చెల్లుతుంది. నోటును రద్దు చేయాలంటే 26(2) ప్రకారం రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డు సిఫారసు మీద కేంద్రం గెజిట్‌లో ప్రకటించాలి. 2016 నిర్ణయాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరి 2న 4:1 మెజారిటీతో సమర్థించింది కూడా ఈ సెక్షన్ మీద చర్చించే. కాబట్టి ఎవరైనా ‘నోటు రద్దవుతుంది’ అంటే, గెజిట్ చూపించమనండి. సంజయ్ మల్హోత్రా 2024 డిసెంబరు 11న గవర్నర్ అయ్యాక ఆయన సంతకంతో కొత్త నోట్లు వస్తాయని రిజర్వు బ్యాంకు చేసిన ప్రకటనల్లోనే, అంతకుముందు విడుదల చేసిన నోట్లు చెల్లుతాయని రాసి ఉంది.

వడ్డీ సంగతికి వస్తే, తగ్గదు. 2025 ఫిబ్రవరిలో రెపో రేటు (రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.50 నుంచి 6.25 శాతానికి దిగిన మాట నిజం. దాన్ని నిర్ణయించేది ఆరుగురి ద్రవ్య విధాన కమిటీ. గవర్నర్‌ది అందులో ఒక ఓటు, సమానంగా చీలితే ఇంకో ఓటు. ఆ రేటు బ్యాంకుల ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ రుణాలను కదిలిస్తుంది గానీ, మీరూ వ్యాపారీ మాట్లాడుకున్న వడ్డీని కదిలించదు. ఆయనకు లైసెన్సు ఉందా, రసీదులో ఎంత వడ్డీ రాశాడు అన్నవి మాత్రం చూడండి.

ఇక నేను ముందే చెప్పిన చిక్కు. ₹20,000, అంతకు మించిన అప్పును నగదు రూపంలో తిరిగి చెల్లించకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తప్పితే చెల్లించినవారికే జరిమానా. అంటే ఆయన లేని అభ్యంతరం చెప్పి, ఉన్న అభ్యంతరం వదిలేశాడు. అందుకే ‘డబ్బు తెచ్చాను, తీసుకోలేదు, కాబట్టి ఆ రోజుతో వడ్డీ ఆగింది’ అని కోర్టులో గట్టిగా వాదించమని మీకు చెప్పలేను. ఆ 92 నోట్లనూ మీ బ్యాంకు ఖాతాలో వేయండి. కౌంటర్‌లో సంతకం ఎవరిదని ఎవరూ అడగరు. అక్కడి నుంచి ఆయన ఖాతాకు బదిలీ చేయండి. ఖాతా నంబరు ఇవ్వనంటే అకౌంట్ పేయీ చెక్కు రాసి, నగలు సిద్ధంగా ఉంచమని ఉత్తరం జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అసలు అమ్మకం జరిగేలోగా ఎప్పుడైనా తాకట్టు విడిపించుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 177వ సెక్షన్ మీకిస్తుంది. ముందుగా తగిన నోటీసు ఇవ్వకుండా ఆయన నగలు అమ్మడానికి వీల్లేదని 176 చెబుతుంది. బదిలీ రసీదు, తాకట్టు రసీదు ఒక్కచోట ఉంచండి. డబ్బు అందాక కూడా నగలివ్వకపోతే ఆ రెండూ తీసుకుని దగ్గర్లోని న్యాయవాదితో లీగల్ నోటీసు ఇప్పించండి.